రెండు కాగితాల జాబు

ఉరవకొండ,
జూలై 6.

హబీబా అత్తకు అనీసా సలాములు.

జాబు చూసి ఎవరికేమైందోనని గుండె పట్టుకోవద్దు. అందరం బాగున్నాం. నాయన షెడ్డులో దూది ఏకుతున్నాడు. తౌఫిక్ అన్న బోరు లారీతో కర్ణాటక వైపు పోయి పదిరోజులైంది. వాన లేదు. విత్తనం శెనక్కాయలు ఒలిచి పెట్టుకుని వీధిలో అందరూ ఆకాశం చూస్తున్నారు.

ఈ కాలంలో జాబులేమిటే అని నవ్వుతావు. ఏం చేసేది? ఇంట్లో ఫోన్‌లో ఏది మాట్లాడినా రికార్డు అయ్యేట్టు అన్న పెట్టాడు. లారీ దిగి వచ్చినప్పుడల్లా చెవిలో పెట్టుకుని వింటాడు. రత్నమ్మక్క కొట్టు ఫోన్‌లో మాట్లాడితే జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళంతా వింటారు. కాగితానికి ఆ రోగం లేదు. నువ్వు కూడా కొట్టు అడ్రసుకే రాయి.

విషయం ఏమంటే, నేను కుట్టిన జాకెట్లు నేనే తొడుక్కుని నిలబడితే రత్నమ్మక్క ఫోటోలు తీసి కొట్టు పేరు మీద ఇన్‌స్టాలో పెడుతోంది కదా. వాటిని చూసి బెంగుళూరు నుంచి ఒక ఏజెన్సీ వాళ్ళు రాశారు. చీరల కంపెనీలకు మోడల్స్‌ని పంపేది వాళ్ళేనంట. సెప్టెంబరు ఆఖరులోగా పోర్ట్‌ఫోలియో పంపమన్నారు. అంటే పెళ్ళి ఆల్బం లాంటిదే అత్తా, పెళ్ళి ఉండదు, అంతే. మేకప్ లేని ముఖం ఒకటి, నిలువెత్తు ఒకటి, పక్కనుంచి ఒకటి, చీరలో, డ్రెస్సులో, జీన్సులో. ఫోన్‌లో తీసినవి పనికిరావంట.

ఆ ఇన్‌స్టాలోనే ఒక ఫోటోగ్రాఫర్ దొరికాడు. ఆయనకు కొత్త ముఖాలు కావాలి, నాకు ఫోటోలు కావాలి, అందుకని ఊరికే తీస్తానన్నాడు. మీ పుట్టపర్తిలోనే లాడ్జిలో గది తీసుకుంటాడంట. నాయనకు నిన్ను చూడటానికి వస్తున్నానని చెప్తాను. నువ్వు ఔనను చాలు. అమ్మ పోయినప్పటి నుంచి ఏదైనా నీకే కదా చెప్పుకుంటున్నాను.

అనీసా


పుట్టపర్తి,
జూలై 15.

అనీసాకు,

వద్దు.

ఈ ఒక్క మాటే రాసి పంపిద్దామనుకున్నాను. నీకు అర్థం కాదని మళ్ళీ కూర్చున్నాను. ఆరేళ్ళుగా ఈ లాడ్జిలో దుప్పట్లు మారుస్తున్నాను. గదిలోకి పోయేటప్పుడు మనుషులు ఎట్లా ఉంటారో, బయటికి వచ్చేటప్పుడు ఎట్లా ఉంటారో చూసేది నేను. స్వామి సమాధి దర్శనానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. అందరూ వాళ్ళే కాదు.

ఫోటో దిగడం తప్పు అనడంలేదు. నీ ముఖం మా అమ్మ ముఖం. ఎవరో ఒకరు చూడాల్సిన ముఖమే. గది ఎందుకు? పట్టపగలు ఎండ ఉంది కదా, ఈ జిల్లాలో అదొక్కటే కదా ఊరికే దొరికేది!

అతని పేరేమి? ఏ లాడ్జి? రెండూ రాయి. రాసేదాకా ఔననను. మీ నాయనతో అబద్ధం కూడా ఆడను.

అత్త


ఉరవకొండ,
ఆగస్టు 3.

అత్తా,

నీకు కోపమొస్తే అచ్చం నాయనే. ఒక్క మాట అంటాడు, మూడు రోజులు మాట్లాడడు.

ఆయన పేరు అభిలాష్. చాలా మర్యాదస్తుడు. నన్ను పేరు పెట్టి కూడా పిలవడు. ఏ లాడ్జి అని అడిగావు కదా, విను మరి. మీ లాడ్జే! పేరు చూడగానే కొట్లో కేక వేశాను. సూది గుచ్చుకుందేమోనని రత్నమ్మక్క పరుగెత్తుకొచ్చింది.

ఇప్పుడైనా భయం తీరిందా? నువ్వు కింద అంతస్తులో ఉంటావు, నేను పై అంతస్తులో. మధ్యాహ్నం నీ టిఫిన్ డబ్బాలో ఇద్దరం తిందాం.

రోజూ అద్దం ముందు నిలబడుతున్నాను. గడ్డం ఎంత ఎత్తాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. చేతులంత దరిద్రం ఇంకొకటి లేదు అత్తా, కుట్టేటప్పుడు గుర్తే రావు, ఫోటో అనగానే వేలాడుతుంటాయి. నిన్న నాయన చూసి, "ఏమే, మెడ పట్టుకునిందా? నూనె రాసుకో" అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

నాకు ఇరవై నిండాయి. ఇప్పుడు పోకపోతే ఇంక జాకెట్లే.

అనీసా


పుట్టపర్తి,
ఆగస్టు 9.

అనీసా,

నీ జాబు లాండ్రీ గదిలో నిలబడి చదివాను. ఆ తరువాత రెండు గదులకు ఒకే దుప్పటి లెక్క రాసి మేనేజర్ గంగాధరప్ప చేత తిట్లు తిన్నాను.

ఒకటి అడుగుతాను. అతనికి కుడిచేతికి రాగి కడియం ఉంటుందా? మాటకు ముందు, మాటకు వెనుక 'చెల్లీ' అంటాడా? చూసి రాయి. ఎందుకని మాత్రం అడగవద్దు.

నిన్ను ఆపలేనని తెలుసు. అందుకని చెప్పేది విను. ఇంతకుముందు అతను ఫోటోలు తీసిన ముగ్గురు ఆడపిల్లల నంబర్లు అడుగు. వాళ్ళతో నువ్వే మాట్లాడు, ఆడగొంతు విన్నాక నమ్ము. ఫోటోలు ఎక్కడ వాడతాడో, ఎక్కడ వాడకూడదో కాగితం మీద రాసి ఇమ్మను. ఏ బట్టలో నువ్వు చెప్పు, అతను కాదు. బట్టలు మార్చుకునే గది తాళం నీ చేతిలో ఉండాలి. తలుపు తీసే ఉండాలి. పక్కన మన మనిషి ఒకరు కూర్చోవాలి. కాదన్నవాడు ఫోటోలు తీసేవాడు కాదు.

ఇవన్నీ నాకెట్లా తెలుసని అడుగుతావు. చూసి తెలుసుకున్నాను, అంతే. నువ్వు వచ్చేది ఈ లాడ్జికే అయితే ఆ గదిలో కుర్చీ వేసుకుని నేను కూర్చుంటాను. ఇంకెక్కడికైనా అంటే అడుగు బయట పెట్టవద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను తల్లీ.

అత్త


ఉరవకొండ,
సెప్టెంబరు 16.

అత్తకు,

నెలరోజులు రాయలేదు. కోపం వచ్చింది, అందుకే.

నువ్వు చెప్పినవన్నీ ఆయనను అడిగాను. నంబర్లు అడిగితే, వాళ్ళంతా ఇప్పుడు పెద్ద మోడల్స్, ఊరికే ఫోన్లు ఎత్తరు అన్నాడు. కాగితం అక్కడే రాసుకుందాం అన్నాడు. పక్కన మనిషి ఉంటే ముఖంలో సహజం రాదంట. అంతా ఓపికగానే చెప్పాడు. ఔను, కడియం ఉంది. ఔను, చెల్లీ అంటాడు. చెల్లీ అని పిలవడం కూడా తప్పేనా? నీకెట్లా తెలిసిందో ఇప్పటికైనా చెప్తావా?

నీకు ధైర్యంగా ఉంటుందని ఆయనతో ఇంకో మాట కూడా చెప్పాను. మా మేనత్త ఆ లాడ్జిలోనే పని చేస్తుంది, హబీబా అంటే అందరికీ తెలుసు, ఆమెనే కూర్చోబెట్టుకుందాం అన్నాను. మనవాళ్ళు ఉన్నచోట పని సులభమవుతుంది కదా, ఎవరైనా అట్లాగే చెప్తారు. ఆయన కాసేపు ఏమీ రాయలేదు. తరువాత, "ఆ లాడ్జిలో వెలుతురు సరిగా ఉండదు చెల్లీ" అని రాశాడు. ఇప్పుడు కళ్యాణదుర్గం దాటాక ఎవరిదో తోటలో ఇల్లు ఉందంట, చుట్టూ చీనీ చెట్లంట, అక్కడ. 24వ తేదీ పొద్దున పదింటికి మన ఊరి క్రాస్‌కు కారు పంపుతాడు.

భయం లేదని చెప్పను. రాత్రి అన్నం సయించడం లేదు. ముందే చూసి బట్టలు ఎంచుకోవాలంటే ఆయనకు నా ఫోటోలు కొన్ని పంపాను, బిగుతు డ్రెస్సులో తీసినవి. ఇప్పుడు పోనంటే ఏమంటాడోనని కూడా ఉంది. ఏజెన్సీ గడువు ఇంకో రెండు వారాలే. పోయి వస్తాను అత్తా. సాయంత్రానికి ఇంట్లో ఉంటాను.

నాయనకు చెప్పవద్దు. అమ్మ మీద ఒట్టు.

అనీసా


పుట్టపర్తి,
సెప్టెంబరు 20.

మాబు సాబ్ అన్నకు చెల్లెలు హబీబా సలాములు.

అన్నా, నీకు చదువు రాదు. ఇంట్లో నీకు జాబు చదివి వినిపించేది అనీసా ఒక్కతే. అది తెలిసే ఈ జాబు నీ పేరున, స్పీడు పోస్టులో పంపుతున్నాను. అనీసా, ఇది నీ గొంతుతోనే మీ నాయన వినాలి. తరువాత నన్ను తిట్టుకో. మీ అమ్మ మీద ఒట్టు తప్పిన పాపం నాదే.

మూడుసార్లు రత్నమ్మ కొట్టుకు ఫోన్ చేశాను. కూతురి కాన్పుకు పోయిందంట, కొట్టు మూసి ఉంది. ఇంటి ఫోన్‌కు చేస్తే తౌఫిక్ వింటాడు. విన్నాడంటే ఆ ఫోటోగ్రాఫర్‌ను పట్టుకునే లోపల బిడ్డను కొడతాడు. లీవు అడిగితే దసరా రద్దీ అన్నాడు మేనేజర్. అది సాకే అన్నా. నీ ముఖం చూసి చెప్పలేక జాబు రాస్తున్నాను.

నిరుడు వినాయక చవితి పోయిన వారానికి మా లాడ్జికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు అనుపమ, ఊరు కంబదూరు. బట్టల సంచి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. మెట్ల మీద నన్ను ఆపి, "అక్కా, ఈ చీరకు ఈ గాజులు బాగుండాయా?" అని అడిగింది. బాగున్నాయన్నాను. ఫోటోలు తీసేవాడు అభిలాష్. రాగి కడియం.

మధ్యాహ్నం మూడో అంతస్తులో తుడుస్తున్నాను. ఆ గది లోపలినుంచి తలుపు కొట్టిన చప్పుడు విన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అన్ని గదులు తెరిచే తాళం నా నడుముకే ఉంది అన్నా. చేతిలోకి తీసుకున్నాను కూడా. కిందికి పోయి గంగాధరప్పతో చెప్పాను. "మనకెందుకు హబీబమ్మా, గెస్టుల విషయం. పనిచూసుకో" అన్నాడు. నేను పోయి దుప్పట్లు మడతపెట్టాను. ఒక్కొక్కటి నాలుగు మడతలు. ఎన్ని మడతపెట్టానో తెలియదు.

సాయంత్రం ఆ పిల్ల ఒంటరిగా కిందికి వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. నా చెప్పులు ఇచ్చి ఆటో ఎక్కించాను. ఏమైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. పోయి గది కడిగాను.

అన్నా, 24వ తేదీ పొద్దున పదింటికి అదే మనిషి మన అనీసా కోసం కారు పంపుతున్నాడు. మీ ఊరి క్రాస్‌కు. బిడ్డ తప్పేమీ లేదు. ఫోటో దిగాలనుకుంది, అంతే. దాన్ని కొట్టవద్దు. ఆపు.

హబీబా


ఉరవకొండ,
అక్టోబరు 1.

అత్తా,

నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ మాట ముందు రాస్తున్నాను.

నీ జాబు 23వ తేదీ మధ్యాహ్నం వచ్చింది. పోస్టు బయ్యన్న షెడ్డు దగ్గరికే పోయి నాయన చేతికి ఇచ్చాడు. నాయన పరుపు అంచు కుడుతున్నాడు. "మీ యత్త రాసిందంట. సదువు" అన్నాడు. పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుని కూర్చున్నాను. మూడో వాక్యంలో నా పేరు కనబడింది. కింద కంబదూరు, అభిలాష్, కారు.

అబద్ధం చదివాను అత్తా. ఏం దాచేది! 'అన్నా, నేను బాగున్నాను, ఇక్కడ కూడా వాన లేదు, మోకాలు నొప్పి తగ్గింది' అని నోటికి వచ్చింది చదివి కాగితం మడిచాను.

నాయన దబ్బనం ఆపాడు. "రెండు కాగితాలు ఉండాయి. వాన గురించి, మోకాలి గురించి రెండు కాగితాలు రాసిందా?" అన్నాడు. "నాకు అచ్చరాలు రావు గానీ, నీ గొంతు వస్తాదే. చెంబెడు నీళ్ళు తాగి మొదటి నుంచి సదువు."

చదివాను. 'బిడ్డ తప్పేమీ లేదు' అన్న మాట నా నోటితో నేనే చదవాల్సి వచ్చింది, అక్కడ ఏడ్చాను. తలుపు కొట్టిన చప్పుడు దగ్గర నాయన ఆపమని చెయ్యి ఎత్తాడు. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. అయిపోయినాక దబ్బనం పరుపులో గుచ్చి పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"రేపు పదికేనా?" అన్నాడు.

"ఔ నాయనా."

"నువ్వు ఇంట్లో ఉండు."

మరుసటిరోజు తొమ్మిదికే క్రాస్‌కు పోయాడు, భుజం మీద దూది మూట, చేతిలో దబ్బనాల సంచి. టీ కొట్టు ఆమె తరువాత చెప్పింది. తెల్లకారు వచ్చి ఆగిందంట. నడిపేది కడియం ఉన్న మనిషే, వెనుక ఇద్దరు మగవాళ్ళు. నాయన పోయి అద్దం తట్టి, "నేను అనీసా నాయన్నప్పా. నేను గూడా వస్తా. యాడ కూర్చోవల్ల?" అన్నాడంట. సీటు లేదు పెద్దాయనా అన్నాడంట అతను. "ముందర సీటు ఖాళీగా ఉండాది కదా, అది ఎవురికి?" అని నాయన తలుపు పట్టుకున్నాడంట. కారు తలుపు మూయకుండానే కదిలిపోయింది.

వెనుక ఇద్దరు మగవాళ్ళు, అత్తా. ఫోటోలకు ఇద్దరెందుకు?

ఆ సాయంత్రమే ఇన్‌స్టాలో అతని మెసేజ్ వచ్చింది. 'నీ ఫోటోలు నా దగ్గరున్నాయి చెల్లీ, గుర్తుంది కదా.' రాత్రంతా దాచిపెట్టుకున్నాను. పొద్దున నాయనకు చదివి వినిపించాను. ఈసారి ఒక్క మాట మార్చలేదు. పోలీసుల దగ్గరికి పోదాం, అన్నను కూడా రానీ అన్నాడు. అన్న లారీ దిగి వచ్చి విని గోడకు గుద్దాడు. ముందు నామీదికే లేచాడు. నాయన మధ్యలో నిలబడి, "దాన్ని ముట్టుకుంటే నేను నీకు నాయన్ని కాదు" అన్నాడు. ఫోన్‌లో రికార్డులన్నీ నా ముందే తీసేయించాడు.

ఇంకో సంగతి. పోర్ట్‌ఫోలియో పంపాను. రత్నమ్మక్క వచ్చాక వాళ్ళ తమ్ముడు భరత్‌కుమార్ పెళ్ళిళ్ళ కెమెరా పట్టుకుని మన షెడ్డుకే వచ్చాడు. అక్కే పక్కన కూర్చుంది, బట్టలు నావే, మార్చుకుంది మన ఇంట్లోనే. కాగితం కూడా రాయించుకున్నాను, నువ్వు చెప్పినట్టే. ముఖం మీద నీడ పడుతోందంటే నాయన పరుపు గుడ్డ తెల్లది ఎత్తి పట్టుకుని అరగంట నిలబడ్డాడు. "చేతులు ఎందుకట్లా కట్టెల్లాగా పెట్టినావు? దూది పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. అదే ఫోటో బాగా వచ్చింది. వాళ్ళు పిలుస్తారో లేదో తెలియదు. పిలిస్తే నాయన తోడు వస్తానన్నాడు.

కానీ అత్తా, ఈ జాబు అందుకోసం రాయడం లేదు. నీ జాబు విన్న రోజునుంచి నాయన పని మధ్యలో ఆపి ఒకటే అడుగుతున్నాడు. "ఆ కంబదూరు బిడ్డ ఇప్పుడు ఎట్లుండాదంట?" రాయలేదు నాయనా అంటాను. మరుసటిరోజు మళ్ళీ అడుగుతాడు. నిన్న రాత్రి, "మీ యత్తను రాయమను. అది తెలిసినాకనే పోలీసుల దగ్గరికి పోదాం" అన్నాడు.

రాస్తావా?

అనీసా


కంబదూరు,
అక్టోబరు 12.

అనీసాకు,

పైన ఊరిపేరు చూశావు కదా. తాళాల గుత్తి గంగాధరప్ప బల్ల మీద పెట్టి వచ్చేశాను. రిజిస్టర్‌లో ఉన్న ఆధార్ జిరాక్సు చూసి అడ్రసు రాసుకున్నాను. బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. ఏం ముఖం పెట్టుకుని పోయేది?

అనుపమ ఉంది. బతికి ఉంది. అది వినాలి మీ నాయన మొదట. వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మ చేనుకు పోయింది, పిల్ల ఒక్కతే వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. నా చెప్పులు తెచ్చి ముందర పెట్టింది. సంవత్సరం దాటినా తొడగలేదు, తుడిచి అటక మీద పెట్టుకుందంట.

ఆ రోజునుంచి ఊరు దాటలేదంట. వాడి దగ్గర ఆమె ఫోటోలున్నాయి, ఇంట్లో చెప్తే బయట పెడతానన్నాడు. నెలకోసారి మెసేజ్ పంపుతాడు, 'చెల్లీ, బాగున్నావా' అని. అది చెప్తుంటే ఒలిచిన గింజలన్నీ తెలియకుండానే పొట్టులో కలిపేసింది.

నీకు వచ్చిన మెసేజ్ గురించి చెప్పాను. మీ నాయన అద్దం తట్టిన సంగతి చెప్పాను. కొంచెం నవ్వింది. తరువాత నన్ను అడిగింది. "ఆ పొద్దు తలుపవతల తాళాలు గలగలమన్యాయి. అది నువ్వేనా అక్కా?"

ఔనన్నాను.

ఆమె ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది, ఒలవలేదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. "తీస్తారని చూస్తా ఉంటి" అంది చివరికి. అంతే అంది.

చీకటి పడేదాకా ఇద్దరం కాయలు ఒలిచాం. నాగలక్ష్మమ్మ వచ్చాక ముగ్గురం కూర్చుని ఏడ్చాం. రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కు పోతున్నాం. ఆమె చెప్పేది ఆమె చెప్తుంది. నేను తాళం సంగతి చెప్తాను, మొదట అదే చెప్తాను. మీ నాయనను, నిన్ను కూడా రమ్మంటారేమో, ఆ మెసేజ్ చెరపవద్దు. భయంగానే ఉంది. గంగాధరప్ప ఊరుకోడు, ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియదు, నాకు ఇంక పని లేదు. ఉండనీ.

ఈ జాబు మీ నాయనకు చదివి వినిపించు. చెంబెడు నీళ్ళు పక్కన పెట్టుకో. నేను ఔనన్న చోట గొంతు తగ్గించవద్దు.

మీ అత్త,
హబీబా